పాలమూరులో ఆర్టిస్టులు ఎక్కడ దొరుకుతారు: ఒక మైకు సెట్టు వాడి జవాబు

ఈ అమ్మాయి అడిగింది ఇదీ. సొంతూరు నల్గొండ దగ్గర పల్లె. హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ పెయింటింగ్ చేసింది. ఏడాదిన్నరగా మహబూబ్‌నగర్‌లో, అంటే మా పాలమూరులో, ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరు. తనలాంటివాళ్ళు ఒక్కరూ తగల్లేదట. విజిటింగ్ కార్డులు కొట్టించింది, ఆరు వాట్సాప్ గ్రూపుల్లో చేరింది, ఇన్‌స్టాలో బొమ్మలు పెడుతోంది. "ఇక్కడ ఆర్ట్ సీనే లేదు. నెట్‌వర్క్ ఎట్లా చేసుకోవాలి? లేక మళ్ళీ హైదరాబాద్ వెళ్ళిపోవడమే నయమా?" అంటోంది.

బిడ్డా, మా పెద్దమ్మాయిది దాదాపు నీ వయసే. అందుకని నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు. నేను కవినీ కాదు, పెయింటర్నీ కాదు. 27 ఏళ్ళుగా మహబూబ్‌నగర్‌లో మైకు సెట్టు కిరాయికిస్తున్నా. కవి సమ్మేళనం, నాటకం, అయ్యప్ప భజన, చిందు భాగోతం, రిటైర్మెంటు సన్మానం, ఏదైనా సరే వేదిక పక్కన ఆంప్లిఫయర్ ముందు స్టూలేసుకుని కూర్చునేది నేనే. వేదిక మీదున్నవాళ్ళకు జనం కనబడతారు, జనానికి వేదిక కనబడుతుంది. నాకు పక్కనుంచి రెండూ కనబడతాయి. తన కవిత చదవడం అవగానే ఎవరు చెప్పులు వెతుక్కుంటారో, ఎవరికెవరికి మాటల్లేవో, ఆఖరి కుర్చీ పేర్చేదాకా ఎవరుంటారో అన్నీ చూస్తుంటా. మధ్యలో కొన్నేళ్ళు ఒక కళా సమితికి కార్యదర్శిగా చేసి చేతులు కూడా కాల్చుకున్నా. అదంతా కలిపి చెబుతున్నా.

ఆర్ట్ సీన్ లేదన్నావు. ఉంది, కాకపోతే ఒక్కచోట లేదు. సాహిత్యం వాళ్ళు ఆదివారం పొద్దున పుస్తకావిష్కరణల్లో కలుస్తారు, ఎక్కువమంది టీచర్లు, లెక్చరర్లు. నాటకం వాళ్ళు రాత్రి ఎనిమిది దాటాక ఏదో ఒక స్కూలు గదిలో రిహార్సల్ వేస్తారు, పగలు బ్యాంకులోనో కరెంటాఫీసులోనో ఉంటారు. పాట, డప్పు వాళ్ళది తెలంగాణ ఉద్యమంలో ధూంధాం పాటల సభల నాటి స్నేహం, ఒకరికి ఫోన్ కొడితే ఇరవైమంది కదులుతారు. కోలాటం ఆడే ఆడవాళ్ళు గుడి ముందు ప్రాక్టీసు చేస్తారు. వాళ్ళంత క్రమంగా సాధన చేసేవాళ్ళు జిల్లాలో ఇంకెవరూ లేరని నా లెక్క, కానీ వాళ్ళను కళాకారులని పిలిచేవాళ్ళే తక్కువ. ఆడి పాడి కథలు చెప్పే చిందు వాళ్ళు, బుడగ జంగాలు, శారద కథల వాళ్ళు ఊళ్ళల్లో ఉంటారు. పెళ్ళి ఫొటోగ్రాఫర్లు స్టూడియోల్లో ఉంటారు. ఒక గుంపు సంగతి ఇంకో గుంపుకు పట్టదు. ఒకే సాయంత్రం రెండు సందుల అవతల రెండు కార్యక్రమాలు పెట్టుకుని, జనం రాలేదని ఇద్దరూ బాధపడటం ఎన్నిసార్లు చూశానో. రెండింటికీ మైకు నాదే.

నువ్వేమో నీలా కాలేజీలో చదివిన పెయింటర్ల కోసం వెతుకుతున్నావు. అలా వెతికితే ఈ ఊళ్ళో నలుగురు దొరుకుతారేమో. వాళ్ళూ నీలాగే ఎవరూ లేరనుకుంటూ ఇంట్లో ఉంటారు.

రంగుల పని తెలిసినవాళ్ళు కావాలంటే ముందు ఫ్లెక్సీ షాపులకు వెళ్ళు. నవ్వులాట కాదు. ఫ్లెక్సీలు రాకముందు మా ఊళ్ళో సినిమా బోర్డులు, ఎన్నికల గుర్తులు, ఎరువుల ప్రకటనలు గోడల మీద రాసేవాళ్ళు పది పన్నెండు మంది ఉండేవాళ్ళు. ఫ్లెక్సీ వచ్చాక కొందరు ఆటో తోలుకున్నారు, కొందరు అదే ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఒకసారి సభకు గంట ముందు గాలికి ఫ్లెక్సీ చీలిపోయింది. కరెంటు లేదు, కొత్తది ప్రింటు తీసే దారి లేదు. అలాంటి ఒకాయన్ని పిలిచాం. పక్కింట్లోంచి తెల్ల దుప్పటి తెప్పించాడు. దారానికి సుద్దముక్క రుద్ది, ఒక కొస నన్ను పట్టుకోమని, మధ్యలో రెండు వేళ్ళతో లాగి వదిలాడు. టప్‌మని దుప్పటి మీద తిన్నగా గీత పడింది. పైన ఒకటి, కింద ఒకటి. ఆ రెండు గీతల మధ్య, పెన్సిల్ ముట్టకుండా, ఒత్తులతో సహా 20 నిమిషాల్లో బ్యానర్ రాసేశాడు. స్వాగతంలో వ ఒత్తు తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టడం పక్కనున్న నాకు తెలిసింది. అయిపోయాక బ్రష్షు కిరోసిన్‌లో కడుగుతూ "పదకొండేళ్ళయింది అన్నా, పట్టుకోక" అన్నాడు.

ఏ రంగు ఎండకు ముందు వెలుస్తుందో, సున్నం వేసిన గోడ ఎన్నాళ్ళు ఆరాక రంగు పట్టుకుంటుందో అలాంటివాళ్ళకు తెలుసు. నీ స్కూలు గోడ మీద పిల్లలతో ఒక బొమ్మ వేయించాలనుకున్నావనుకో, ఆయన్ని పిలిచి రోజు కూలీ ఇచ్చి పక్కన నిలబెట్టుకో. నీకు ఈ ఊళ్ళో మొదటి దోస్తు ఆయనే అవుతాడు.

మగ్గాల వాళ్ళ సంగతీ అంతే. నారాయణపేట, గద్వాల బస్సు ఎక్కితే వచ్చే ఊళ్ళు. గద్వాల చీర మధ్యలో నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసే చోటు మగ్గం మీద ఒక్కసారి చూస్తే రంగు పక్కన రంగు ఎలా పెట్టాలో నీకు వేరే ఆలోచన వస్తుంది. మీ నల్గొండ వైపు పోచంపల్లి, పుట్టపాక ఉండనే ఉన్నాయి. అక్కడ నూలుకు ముందే చిటికి కట్టి, అంటే అక్కడక్కడ గట్టిగా బిగించి, రంగులో ముంచుతారు, బొమ్మంతా నేయకముందే దారంలో ఉంటుంది. పోయి ఫొటోలు తీసుకుని రావద్దు. ఒక పూట ఊరికే కూర్చో. రెండోసారి వెళ్ళినప్పుడు వాళ్ళే టీ పోస్తారు.

ఇక విజిటింగ్ కార్డులు. ప్రతి సభ అయ్యాక నా స్టూలు కింద, కుర్చీల వరసల్లో ఎన్ని దొరుకుతాయో లెక్కలేదు. చిన్న ఊళ్ళో కార్డు ఇచ్చి పరిచయం చేసుకుంటే ఏదో అమ్మడానికి వచ్చినట్టు ఉంటుంది. ఇక్కడ ఎవరైనా ముందు అడిగేది "ఎవరి తాలూకు?" అని. ఆ ప్రశ్నకు జవాబు నువ్వే తయారు చేసుకోవాలి. ఫలానావాళ్ళ అమ్మాయి అన్న జవాబు ఈ ఊళ్ళో నీకు లేదు కాబట్టి, "ఆ ప్రోగ్రాంలో బొమ్మలు గీసిన అమ్మాయి" అన్న జవాబు ఉండాలి.

అది ఎలాగో ఒక పిల్లాడి దగ్గర చూశాను. డిగ్రీ చదివేవాడు, ఎవరూ పిలవకపోయినా సభలకు వచ్చేవాడు. నా పక్కనే నేల మీద కూర్చుని, వక్త మాట్లాడుతున్నంతసేపూ పెన్సిల్‌తో ఆయన బొమ్మ గీసేవాడు. మొదట్లో పోలికలు సరిగా కుదిరేవి కాదు, ఒక రిటైర్డు లెక్చరరు గారికి ముక్కు మూడింతలు వచ్చింది. సభ అవగానే ఆ కాగితం చించి కింద తేదీ వేసి వాళ్ళ చేతికి ఇచ్చేవాడు. తన పేరు అడిగితే చెప్పేవాడు, అడగకపోతే ఊరుకునేవాడు. ఆ లెక్చరరు గారు ఆ మూడింతల ముక్కునే ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఊళ్ళో పుస్తకం వేసుకునే ప్రతి కవీ ముఖచిత్రానికి ఆ పిల్లాడి దగ్గరికే పోవడం మొదలైంది. వాడు ఎవరినీ పని అడిగింది నేను చూడలేదు.

కాబట్టి ముందు ఒక ఆరు నెలలు నీ కార్యక్రమం ఏదీ పెట్టకు. వేరేవాళ్ళ కార్యక్రమాలు పది చూడు. ఎప్పుడెప్పుడు ఉంటాయో నా బుకింగ్ డైరీ చూసి చెబుతా. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినం, ఏప్రిల్ 16 కందుకూరి జయంతి, ఈ రెండు రోజులూ నాటకం వాళ్ళవి. మే 28 సురవరం ప్రతాపరెడ్డి గారి జయంతి, జులై 22 దాశరథి జయంతి, సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, ఇవి కవులవి. ఆగస్టు 7 చేనేత దినోత్సవం, 19 ఫొటోగ్రఫీ దినోత్సవం. బతుకమ్మ తొమ్మిది రోజులు నాకు అన్నం తినే తీరికుండదు. వెళ్ళినప్పుడు వందన సమర్పణ దాకా ఉండు. ఆ తర్వాత కుర్చీలు పేర్చే పావుగంట ఉంటుంది చూడు, అసలు మాటలన్నీ అప్పుడే నడుస్తాయి. ముఖ్య అతిథి కారెక్కి పోయి ఉంటాడు, ఫొటోలు అయిపోయి ఉంటాయి, మిగిలిన పది పదిహేనుమంది టీ తాగుతూ నిలబడతారు. ఊళ్ళో ఏ పని కావాలన్నా జరిగేది ఆ పదిహేనుమంది వల్లే. నువ్వూ నాలుగు కుర్చీలు ఎత్తు, పేరు వాళ్ళే అడుగుతారు.

నా సొంత కథ కూడా చెప్పుకోవాలి. సమితికి కార్యదర్శి కాగానే జిల్లా స్థాయి కళోత్సవం అని మొదలుపెట్టా. మూడు పెద్ద ఫ్లెక్సీలు, 400 ఆహ్వాన పత్రాలు, షామియానా, వేదిక మీద 16 కుర్చీలు. ఎవరి పేరు వదిలేస్తే ఎవరికి కోపమోనని ఊళ్ళో పెద్దమనుషులందరినీ ఎక్కించాం. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యం. ఆయన వచ్చేసరికి కింద మిగిలింది 11 మంది, అందులో ముగ్గురు షామియానా కుర్రాళ్ళు. నాటిక వేయాల్సిన పిల్లలు మేకప్‌తోనే నిద్రపోయారు. నాకు 18,000 అప్పు మిగిలింది. ఆ అప్పు కంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఆ పిల్లల్ని మళ్ళీ పిలిస్తే ఒక్కరూ రాలేదు.

దాని తర్వాత మేం చేసిన పని చాలా చిన్నది, అదే నిలబడింది. నెలకు ఒకసారి, రెండో ఆదివారం, సాయంత్రం నాలుగు నుంచి ఆరు. అదే గది, అదే టైము. ఫ్లెక్సీ లేదు, అధ్యక్షుడు లేడు, శాలువా లేదు, మైకు అసలే లేదు. మైకు సెట్టు వాణ్ణి నేనే చెబుతున్నా, పదిమందికి మైకు పెట్టకూడదు. మైకు పట్టుకోగానే మనిషి ఉపన్యాసంలోకి పోతాడు. వచ్చినవాళ్ళు ఆ నెల తాము చేసింది ఒకటి తేవాలి. కవిత కావచ్చు, పాట, ఫొటో, సగం వేసిన బొమ్మ, ఏదైనా సరే. చేసింది లేకపోతే తాను చూసింది చెప్పాలి. మొదటి నెల తొమ్మిదిమంది వచ్చారు, తర్వాత నలుగురు, తర్వాత ఇద్దరు. ఇద్దరున్న నెల నేనూ ఒక ఫొటోగ్రాఫరూ మాత్రమే కూర్చున్నాం. ఆయన తన తండ్రి తీసిన పాత నెగెటివ్‌ల డబ్బా తెచ్చాడు, కిటికీకి పెట్టి ఒక్కోటీ చూశాం. రద్దు చేద్దామన్న మాట ఆ రోజు అనుకోలేదు, అందుకే ఏడో నెలకు మళ్ళీ పన్నెండుమంది అయ్యారు. ఊళ్ళో జనం ఒక సంగతి కనిపెడతారు, ఇది ఆగుతుందా నడుస్తుందా అని. ఆరు నెలలు అలా దూరం నుంచి చూసి అప్పుడు వస్తారు.

పెయింటింగ్ అయితే నీకు గది కూడా అక్కర్లేదు. పిల్లలమర్రి అనే పాత మర్రిచెట్టు ఊరికి నాలుగు కిలోమీటర్లు. ఆ చెట్టుకు 2018లో చెదలు పట్టి సెలైన్ బాటిళ్ళు ఎక్కించినప్పుడు దేశమంతా ఫొటోలు చూశారు గానీ, అక్కడ కూర్చుని బొమ్మ గీసినవాళ్ళను మాత్రం నేను ఎక్కువమందిని చూడలేదు. మీ నల్గొండలో అయితే పానగల్లు. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక పగలంతా నిలబడే నీడను గీయమంటే మీ స్కూలు పిల్లలు కూడా ఒక పూట గడిపేస్తారు. నెలకో ఆదివారం ఫలానా చోట బొమ్మలు గీస్తున్నాం అని చెప్పి నువ్వొక్కదానివే వెళ్ళి కూర్చున్నా చాలు.

ఈ టైముల సంగతి మగవాళ్ళు పట్టించుకోరు, కాబట్టి గట్టిగా చెబుతున్నా. మా దగ్గర సాహిత్య సభలకు ఆడవాళ్ళు రారని పెద్దలు వాపోతుంటారు. సభేమో ఆరింటికి అని వేసి ఏడున్నరకు మొదలుపెడతారు, పల్లెకు ఆఖరి బస్సు ఎనిమిదింటికి పోతుంది. ఎలా వస్తారు? 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేకుండా అయ్యాక కోలాటం వాళ్ళు, కవిత్వం రాసే టీచరమ్మలు పక్క ఊళ్ళ నుంచి ఎంతమంది రావడం మొదలుపెట్టారో కళ్ళారా చూశా. ఆ బస్సు టైము చూసుకుని సభ పెడితే చాలు. నువ్వు ఏది పెట్టినా వెలుతురుండగా మొదలుపెట్టి వెలుతురుండగా ముగించు. రాత్రి పదయ్యాక మైకు ఎలాగూ నడవనివ్వరు.

తేదీలు పెట్టేముందు జాతరలు కూడా చూసుకో. దీపావళి తర్వాత కురుమూర్తి జాతర, మాఘంలో మన్యంకొండ, మీ వైపు చెర్వుగట్టు, రెండేళ్ళకోసారి సూర్యాపేట దగ్గర పెద్దగట్టు. ఆ రోజుల్లో పట్నంలో ఏది పెట్టినా ఖాళీ కుర్చీలే. జాతరకు పోటీ పెట్టుకోకుండా నీ స్కెచ్ బుక్కు తీసుకుని జాతరకే పో. పల్లెల్లో ఏదైనా చేయాలనుకుంటే పీర్ల పండక్కో దసరాకో చెయ్యి, ముంబై, పుణె వలస పోయినవాళ్ళు ఇళ్ళకొచ్చేది అప్పుడే. వాళ్ళు చూసినంత శ్రద్ధగా చూసే జనం పట్నంలో దొరకరు.

ఒక నోటుబుక్కు పెట్టుకో. ఈ మాటకు నా దగ్గర పెద్ద సాక్ష్యం ఉంది. మైకు పక్కన కూర్చుని వందసార్లు విన్న కథ. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే, మన ఇటిక్యాలపాడు వాడైన సురవరం ప్రతాపరెడ్డి గారు వాదన పెట్టుకుంటూ కూర్చోలేదు. 1926లో మొదలైన గోలకొండ పత్రిక ఆయన చేతిలో ఉంది. ఊరూరి నుంచీ కవుల వివరాలు, పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. 354 మంది కవులు. సభల్లో అందరూ ఈ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకుని దిగిపోతారు. నాకు మాత్రం ఆయన పోస్టు చూసుకునే బల్ల కనబడుతుంది. ఫోన్ లేని కాలంలో అన్ని పేర్లు, అన్ని ఊళ్ళు రాసిపెట్టుకోవడం ఎంత విసుగు పని! మీ నల్గొండ నుంచి కూడా 1922లోనే నీలగిరి పత్రిక వచ్చింది. కళలు లేని ఊళ్ళని మనల్ని మనమే అనుకుంటే ఎట్లా?

నీ నోటుబుక్కులో పేరు, ఊరు, ఏం చేస్తారు, ఎప్పుడు కలిశావు, ఇవి చాలు. ఇంకో గడి కూడా గీసుకో: వాళ్ళకు ఏం కావాలి? డప్పు ఆయనకు తోలు, నాటకం వాళ్ళకు తెర మీద కోట బొమ్మ, కవికి ముఖచిత్రం, కోలాటం బృందానికి ఒకే రంగు చీరలు దొరికే షాపు. ఆ గడి నిండితే నీకు పని దొరుకుతుంది, ఇద్దరిని కలిపే వీలూ దొరుకుతుంది. 2016లో పాత పాలమూరు నాలుగు జిల్లాలై, 2019లో నారాయణపేట కూడా వేరయ్యాక ఇది ఇంకా అవసరం పడుతోంది. ఇదివరకు అందరూ ఏదో ఒక పని మీద మహబూబ్‌నగర్ వచ్చేవాళ్ళు, ఆ పూట ఒకరికొకరు ఎదురయ్యేవాళ్ళు. ఇప్పుడు వనపర్తి వాళ్ళ ఆఫీసు వనపర్తిలో, నాగర్‌కర్నూల్ వాళ్ళది నాగర్‌కర్నూల్‌లో. నా డైరీలోనే పాత నంబర్లు సగం పలకవు.

డబ్బుల సంగతి ఇప్పుడు. ఎక్కువ తప్పులు చేసింది ఇక్కడే, మా సమితి కూడా చేసింది. అరవై కిలోమీటర్ల నుంచి చిందు బృందాన్ని పిలిచాం, ఏడుగురు. కిరీటాలు, భుజకీర్తులు ట్రంకు పెట్టెల్లో మోసుకుని వచ్చారు. వేషాలు కట్టుకోవడానికే రెండు గంటలు పట్టింది, ఆడింది ముప్పావుగంట, ఎందుకంటే ఉపన్యాసాలు వాళ్ళ టైము తినేశాయి. చివర్లో తలా ఒక శాలువా కప్పి ఫొటో తీశాం. నేను వైర్లు చుడుతుంటే బృందం పెద్దాయన ముఖానికి రంగుతోనే నా దగ్గరికి వచ్చి, శాలువా చేత్తో పట్టుకుని, "సారూ, ఇది చూపిస్తే కండక్టరు టికెట్ ఇస్తడా?" అన్నాడు. వెటకారం లేదు ఆ గొంతులో, నిజంగానే అడిగాడు. ఆ రోజు అన్నాల దగ్గర కూడా అతిథులు కూర్చుని తిన్నారు, వీళ్ళకు పొట్లాలు కట్టిచ్చారు. ఎందుకో ఈ జిల్లాలో పుట్టినవాళ్ళకు ఎవరికీ వివరించక్కర్లేదు.

అప్పట్నుంచి నేనున్న చోట ఒక పద్ధతి పెట్టా. వేదిక ఎక్కకముందే కవరు చేతికిస్తాం, అందులో ప్రయాణ ఖర్చు వేరు, పారితోషికం వేరు. అన్నం అందరికీ ఒకే వరసలో. డబ్బులు లేకపోతే శాలువాలు మానేస్తాం, ఫ్లెక్సీ మానేస్తాం, కళాకారుడికి మాత్రం ఆపం. అదీ లేకపోతే పిలవం. దర్శనం మొగులయ్య గారికి 2022లో, దామరగిద్ద దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీలు వచ్చాకే వాళ్ళు వాయించే పన్నెండు మెట్ల కిన్నెర, బుర్రవీణ అంటే ఏమిటో మా ఊళ్ళో చాలామందికి తెలిసింది. అందులో నేనూ ఉన్నా, సిగ్గుపడుతూనే చెబుతున్నా. వాళ్ళ ఊళ్ళు మాకు ఏమంత దూరం కాదు. నీకు ఎవరైనా "బొమ్మ వేసి పెట్టమ్మా, ప్రచారం వస్తుంది" అంటే, నవ్వుతూనే రేటు చెప్పు. నువ్వు ఊరికే వేసి పెడితే, ఆ ఫ్లెక్సీ షాపు ఆయన కూలీ కూడా పడిపోతుంది.

వాట్సాప్ గ్రూపుల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఆరింటిలో ఐదు గుడ్ మార్నింగ్‌లే. నీదంటూ ఒకటి పెడితే తేదీ, చోటు, టైము తప్ప ఇంకేం రాకుండా తాళం వేసుకో. ముఖ్యమైనవాళ్ళకు ఫోన్ చేసి చెప్పు. అరవై దాటినవాళ్ళకు ఇంటికి పోయి చెప్పు, ఒక గ్లాసు మజ్జిగ తాగి రా.

నలుగురు పోగవగానే ఎవరో ఒకరు రిజిస్ట్రేషన్ చేయిద్దాం అంటారు. సొసైటీ రిజిస్టర్ చేయాలంటే ఏడుగురు ఉంటే చాలు, పెద్ద కష్టమేమీ కాదు. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. అప్పటిదాకా స్నేహితులుగా ఉన్నవాళ్ళు అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి అయిపోతారు. లెటర్ ప్యాడ్ మీద పేర్లు ఏ వరసలో రావాలన్న దాని మీద చీలిపోయిన సమితులు నాకు మూడు తెలుసు. గ్రాంటుకు పెట్టుకోవాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా రిజిస్ట్రేషన్ కావాల్సిందే, కాదనను. కాని రెండేళ్ళు ఊరికే కలవండి. ఖర్చు లెక్క మాత్రం మొదటి రోజు నుంచి రాసి, ప్రతి నెలా చదివి వినిపించు. టీకి 140, స్కెచ్ పేపరుకు 200 అని వినిపిస్తే నవ్వుతారు, నవ్వనీ. లెక్క చెప్పని చోటే అనుమానాలు పుడతాయి.

చీలికలు వస్తే ఏ పక్షానికీ చేరకు. నాకైతే ఇది తేలిక, మైకు ఇద్దరికీ కావాలి. నీకూ అలాంటి పని ఒకటుంది, బొమ్మ ఇద్దరికీ కావాలి.

హైదరాబాద్ సంగతి. వెళ్ళిపోవాలా అన్నావు. వంద కిలోమీటర్లే కదా, దాన్ని వదిలేయాల్సిన పనేముంది? నెలకోసారి వెళ్ళు, ఎగ్జిబిషన్లు చూడు, కాలేజీ స్నేహితులతో తెగతెంపులు చేసుకోకు. వచ్చేటప్పుడు ఒకరిని వెంటబెట్టుకుని రా. పిల్లలమర్రి దగ్గర ఒక పూట బొమ్మ వేయించి, రాత్రికి బస్సెక్కించు. పట్నం నుంచి వచ్చినవాడి పక్కన కూర్చోవడానికైనా మా ఊరివాళ్ళు నలుగురు వస్తారు, అది మా బలహీనత. ఏలే లక్ష్మణ్ గారు మీ ఉమ్మడి నల్గొండ పల్లె నుంచి పోయినవారే, తెలంగాణ రాజముద్ర గీసింది ఆయనే. పోయినవాళ్ళను తప్పు పట్టను. వెల్లంకిలో తన ఇంటినే గ్రంథాలయం చేసి కూర్చున్న కూరెళ్ళ విఠలాచార్య గారిలా ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. నీకు ఏది కుదురుతుందో నేను చెప్పలేను. ఏడాదిన్నరలో ఎవరూ కలవలేదని మాత్రం వెళ్ళకు, నువ్వు ఇంకా వెతకాల్సిన చోట్లు చాలా ఉన్నాయి.

ఈ నెలాఖరు ఆదివారం జిల్లా గ్రంథాలయంలో ఒక పుస్తకావిష్కరణ ఉంది, మైకు నాదే. కార్డులో పదిన్నర అని వేశారు, పదకొండున్నరకు మొదలవుతుంది. నువ్వు పదింటికే రా. నా స్టూలు పక్కన ఇంకో స్టూలు వేస్తా, అక్కణ్ణుంచి వక్తల ముఖాలు పక్కగా, కిటికీ వెలుతురులో బాగా కనబడతాయి. పెన్సిల్ తెచ్చుకో. అయిపోయాక వైరు చుట్టడం నేర్పిస్తా. అందరూ మోచేతికి వేసి చుడతారు, అలా చుడితే లోపల తీగ మెలిపడి నాలుగు నెలల్లో తెగుతుంది. ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి వేస్తే, మళ్ళీ విసిరినప్పుడు ఒక్క ముడి కూడా పడకుండా నేరుగా వేదిక దాకా పోతుంది.